తెల్లపొడి పొట్లం

మార్చి 3, ఆదివారం

అక్కకు నీ చెల్లి నమస్కరించి రాసేది.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలిద్దరికీ ముద్దులు. ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని బళ్ళో నేర్పారు కాబట్టి రాస్తున్నాను. అది నిజమో కాదో ఉత్తరం అంతా చదివాక నువ్వే చెప్పు.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేంటే అంటావు. ఫోను ఆయనది. ఆయన ఇంట్లో ఉంటేనే అది ఇంట్లో ఉంటుంది. పైగా నేను ఫోనెత్తితే చాలు, పక్కవాటాలో ఓనరమ్మ రేడియో గొంతు తగ్గిస్తుంది. నా సంగతి నీకు తెలియనిదా. మనిషి ఎదురుగా ఉంటే నా మాట గొంతు దాటదు. పెళ్ళి మాటలప్పుడు ఆయన నా పేరడిగితే నువ్వే కదా చెప్పావు. కాయితం మనిషి కాదు కాబట్టి దానితో ఇబ్బంది లేదు. ఐదో తరగతి దాకా చదివిన చదువులో నాకు మిగిలింది ఇదొక్కటే.

కాపురానికొచ్చి ఏడు నెలలైంది. రెండు గదులు, వెనక చారెడు పెరడు. పెరటిగోడ అవతల సందు, సందు అవతల ఎదురిల్లు. ఐదు నిమిషాలు నడిస్తే ఫ్యాక్టరీ వెనక గేటు. ఆయన పనిచేసేది గాలి ఫ్యాక్టరీలో అని విని మనిద్దరం ఎంత నవ్వుకున్నామో గుర్తుందా. గాలి అమ్ముకుని బతికేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానే అన్నావు. నిజంగానే అదే పని. బయటి గాలిని పీల్చి, చల్లబరిచి చల్లబరిచి నీళ్ళలా చేసి, అందులోంచి ఆక్సిజన్ వేరు చేసి ఆసుపత్రులకీ ఇనుప ఫ్యాక్టరీలకీ ట్యాంకర్లలో పంపుతారు. మీ మరిదిగారు అక్కడ ఆపరేటరు. పొద్దున ఆరింటికి వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగుతారు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. పది రోజులుగా ఆయన డ్యూటీ దిగి తిన్నగా ఇంట్లోకి రావడం లేదు. సందులోంచి తిరిగొచ్చి పెరట్లో గోడ పక్కన నిలబడుతున్నారు. చొక్కా విప్పి దులిపి తీగమీద వేస్తారు. చేతులు రెండూ చాపి, ఆరేసిన బట్టలా తానూ నిలబడతారు. గడియారం చూశాను. ఇరవై నిమిషాలు. ఒక్కరోజు కూడా పందొమ్మిది కాదు. లోపలికి వచ్చేముందు స్టవ్వు వెలుగుతోందా అని కేకేస్తారు. నేను వంటగదిలో ఉన్నానో, కిటికీ దగ్గర ఉన్నానో తెలుసుకోవడానికి కాకపోతే మగవాడికి స్టవ్వు గొడవెందుకు?

ఎందుకండీ అక్కడ అని ఒకరోజు ఎలాగో అడిగాను. గాలికి అన్నారు. పొద్దున్నుంచీ గాలితోనే కదా మీ పని అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఎదురింట్లో ఎవరుంటారో రాయలేదు కదూ. ఆయన ఫ్యాక్టరీలోనే ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ. ఒంటరి మనిషి. మధ్యాహ్నం డ్యూటీ దిగి వసారాలో నల్లబల్ల పెట్టి పిల్లలకి ట్యూషన్ చెబుతుంది. మా పెరటిగోడ దగ్గర నిలబడితే ఆ వసారా తప్ప చూడటానికి వేరే ఏమీ లేదు.

ఇంకొకటి. మొన్న ఆయన అరచేతిలో పెద్ద పొక్కు. ఏమైందంటే చలికి కాలింది అన్నారు. చలికి వణుకుతారు, ముడుచుకుంటారు, కాలడం నేనెక్కడా వినలేదు. ఓనరమ్మతో అంటే ఆవిడ నవ్వి, మా ఆయనా ఇలాంటివే చెప్పేవాడమ్మాయ్, ఒకసారి జుట్టు నున్నగా దువ్వుకుని ఇంటికొచ్చి, వానలో తడిసి అలా అయిందన్నాడు, నేను నమ్మి ముప్పై ఏళ్ళు కాపురం చేశాను అంది.

నవ్వాలో ఏడవాలో తెలియక ఇంట్లోకి వచ్చేశాను. నువ్వేమంటావో రాయి.

నీ చెల్లి


మార్చి 11, సోమవారం

అక్కకు,

నువ్వూ బావగారూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నేను తింటున్నాను, పడుకుంటున్నాను, అంతవరకు క్షేమమే.

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఈలోపు ఆగలేక మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే నిన్న ఒక వస్తువు దొరికింది. అది ఈ కవర్లోనే ఉంది. జాగ్రత్తగా విప్పు, ఊదకు.

నిన్న ఆయన తీగమీద వేసిన చొక్కా ఉతుకుదామని తీశాను. కుడిభుజం మీద తెల్లటి పొడి. మెత్తగా, తేలిగ్గా ఉంది. వాసన లేదు. దులిపితే ఎగిరి నా చేతికే అంటుకుంది. జేబులో సుద్దముక్క దొరికింది. నలభై టన్నుల యంత్రం నడిపే మనిషి జేబులో సుద్దముక్కకేం పని అక్కా? సుద్దముక్కలు ఎవరింట్లో ఉంటాయో నీకు చెప్పనక్కర్లేదు. ఇక పొడి ఎవరి మొహం మీదిదో నువ్వే చెప్పాలి. పన్నెండేళ్ళు ఫ్యాన్సీ షాపులో కూర్చున్నదానివి, డబ్బా మూత తియ్యకుండా పౌడరు పేరు చెప్పేదానివి. అందుకే చొక్కా ఉతక్కముందు ఆ పొడిని క్యాలెండరులో నిన్నటి కాయితం చింపి పొట్లం కట్టాను. పదో తారీఖు కాయితం.

ఇంకో పని కూడా మొదలుపెట్టాను. బెల్లం ముక్క ఎవరు తిన్నారో తేల్చడానికి నాన్న ఏం చేసేవారో గుర్తుందా? ఒకే ప్రశ్న ఇవాళ అడిగి, మూడురోజులు పోయాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ అడిగేవారు. అబద్ధానికి జ్ఞాపకం తక్కువ అనేవారు. నేనూ అలాగే అడుగుతున్నాను. అన్నం తినేటప్పుడు, తల దించుకుని, మీ ఫ్యాక్టరీలో గాలిని ఎలా చల్లబరుస్తారండీ అన్నాను. ఆయన ముద్ద ఆపి నా వంక చూశారు. ఏడు నెలల్లో నేను ఆయన్ని అడిగిన అతి పొడుగాటి ప్రశ్న అదే మరి.

మొదట గాలిని గట్టిగా నొక్కుతారట. నొక్కితే వేడెక్కుతుందట. దొరికారు అనుకున్నాను. చల్లబరచాలంటే ముందు వేడెక్కించడమేంటి? మర్నాడు ఆయన డ్యూటీలో ఉండగా సైకిలు పంపు తీసి టైరుకి యాభైసార్లు కొట్టాను. పంపు అడుగు పట్టుకుంటే చుర్రుమంది. తరవాత టైరు వాల్వు నొక్కి గాలి వదిలాను. వేలికి చల్లగా తగిలింది. ఆయన చెప్పింది నిజమే. నాకు ఎంత ఒళ్ళు మండిందో.

అలా వేడెక్కిన గాలిని నీళ్ళ గొట్టాల పక్కనుంచి పంపి ఆ వేడి తీసేస్తారట. తరవాత గుళికలు నింపిన పెద్ద డ్రమ్ములోంచి పంపుతారట. ఆ గుళికలు గాలిలో ఉన్న తడిని తాగేస్తాయి. తడి మిగిలితే లోపలి చలికి మంచుగా మారి గొట్టాలు పూడుకుపోతాయట. ఆ పైన చక్రం. నొక్కిపెట్టిన గాలిని ఒక చక్రం మీదికి వదులుతారు, గాలి ఆ చక్రాన్ని తిప్పి తిప్పి బలం పోగొట్టుకుని చల్లబడిపోతుందట. మనం పనిచేస్తే ఒళ్ళు వేడెక్కుతుంది, గాలి పనిచేస్తే చల్లబడటమేంటండీ అన్నాను. బలం అంతా చక్రానికి ఇచ్చేసింది కదే, ఇంక దాని దగ్గర వేడి ఏం మిగులుతుంది అన్నారు. చెబుతుంటే మొహం వెలిగిపోతోంది. దొంగ మొహం అలా వెలుగుతుందా అని నాకు కాసేపు అనుమానమొచ్చింది. అనుమానం మీదే అనుమానం.

మూడురోజుల తరవాత మళ్ళీ అడుగుతాను. నువ్వు పొడి సంగతి తొందరగా తేల్చు.

నీ చెల్లి


మార్చి 20, బుధవారం

అక్కకు,

నీ ఉత్తరం అందింది. క్షేమసమాచారాలు తెలిశాయి. నా క్షేమం ఈసారి రాయను, రాస్తే అబద్ధమవుతుంది.

పొడి ఇంకా విప్పి చూడలేదని రాశావు. షాపులో పని ఎక్కువ, ఆదివారం చూస్తానన్నావు. చిటికెడు పొడికీ సుద్దముక్కకీ కాపురం కూల్చుకుంటారా, నీ కళ్ళతో నువ్వేమైనా చూశావా, చూస్తే రాయి, మీ బావని పంపి తీసుకొచ్చేస్తాను అన్నావు.

చూశాను అక్కా. గురువారం, పద్నాలుగో తారీఖు. వెనక గేటు దగ్గర ఆయన చెయ్యి ఆవిడ భుజం మీద ఉంది. ఆవిడ నవ్వుతోంది.

ఇక మిగతావి. రెండోసారి అడిగిన ప్రశ్నలకి కూడా ఆయన అవే జవాబులు చెప్పారు. ఆక్సిజన్ సున్నాకి కింద నూట ఎనభైమూడు డిగ్రీల దగ్గర మరుగుతుందన్నారు, మూడురోజుల తరవాతా నూట ఎనభైమూడే. అంత చలిలో మరగడమేంటండీ అంటే, దానికి అదే వేడి అన్నారు. గాలిలో ఉండే రెండో సరుకు నైట్రోజన్ అంతకంటే చలిలోనే మరిగిపోతుందట, అందుకని అది ఆవిరై పైకి పోతుంది, ఆక్సిజన్ నీళ్ళలా అడుగున మిగులుతుంది. అలా వేరుచేస్తారు. బయటికిపోయే చల్లటి గాలిని ఊరికే వదలరట, లోపలికొచ్చే గాలి పక్కనుంచి పోనిచ్చి, దాని చలువంతా దీనికి ఇప్పించి పంపుతారట. మా అమ్మకంటే పొదుపు అన్నాను. నవ్వారు. నేనూ నవ్వబోయి, దేనికి అడుగుతున్నానో గుర్తొచ్చి మానేశాను.

కానీ ఒక ప్రశ్న దగ్గర దొరికారు. అంత చలిని ఎక్కడ దాస్తారండీ, బయటికి కారిపోదా అన్నాను. నాలుగంతస్తుల ఇనుప పెట్టె ఉంటుంది, కోల్డు బాక్సంటారు, అందులో అని మొదలుపెట్టి ఆగిపోయారు. చేతిలో గ్లాసు కింద పెట్టారు. కారదులే అని లేచి చెయ్యి కడుక్కున్నారు. ఇన్ని సంగతులు చెప్పిన మనిషి అక్కడెందుకు ఆగాలి?

మొన్న సోమవారం ఆయన పెరట్లో నిలబడి ఉండగా ఆవిడ గోడ అవతలికి వచ్చింది. నేను స్నానాలగది కిటికీ దగ్గర ఉన్నాను. ఇవాళ ఇంకో మూరెడు పెరిగింది, సుద్దగీత దాటేసింది అన్నారు ఆయన. మూరెడు పెరగడానికి అదేమైనా సొరతీగా? పెద్దసారుకి మళ్ళీ చెప్పండి అంది ఆవిడ. పెద్దసారంటే వాళ్ళ షిఫ్టు ఇన్‌చార్జి. చెప్పాను, ఏప్రిల్ దాకా ఆగమన్నాడు, ఈలోపు ఎక్కడా రాయొద్దన్నాడు అన్నారు ఈయన. ఇంకెన్నాళ్ళు దాస్తారు అంది. ఇంట్లో చెప్పారా అని కూడా అడిగింది. దానికి తెలిస్తే భయపడుతుంది అన్నారు. దానికి అంటే నాకే కదా. ఏప్రిల్‌లో ఇద్దరూ కలిసి వేరే ఊరి ఫ్యాక్టరీకి వెళ్ళిపోవడానికి పెద్దసారు అనుమతి అడిగారేమో. నాకైతే ఇంకో అర్థం దొరకడం లేదు.

నిన్న ఒక పరీక్ష పెట్టాను. ఆయన ఇంకా పది నిమిషాలు కూడా నిలబడకముందే, అన్నం పెట్టేశాను రండి అని పిలిచాను. స్టవ్వు వెలుగుతోందా అని అడిగారు. వెలుగుతూనే ఉంది. లేదు అన్నాను. గబగబా వంటగదిలోకి వచ్చి మంట చూశారు. ఆయన మొహం పాలిపోయింది. నేలకి కాలు తగిలీ తగలనట్టు వెనక్కి ఉరికి, పెరట్లోకి పోయి, అక్కణ్ణుంచి అరిచారు. నీకు బుద్ధుందా, లేదని ఎందుకు చెప్పావు, నీతో నాకు చావొచ్చిపడింది అని. ఈ ఏడు నెలల్లో నా మీద గొంతు లేవడం అదే మొదలు. ఓనరమ్మ రేడియో ఆగిపోయింది. పాపం ఆవిడకి నేను ముందే కొంత చెప్పుకున్నాను, మిగతాది తనే విన్నది.

బావని ఆదివారం పంపు. బట్టలు ఎన్నో లేవు, ఒక సంచి చాలు.

నీ చెల్లి


ఏప్రిల్ 2, మంగళవారం

మా అక్కకు వెయ్యి నమస్కారాలు.

బావగారు ఒట్టి సంచితో తిరిగొచ్చినప్పుడు నువ్వెంత తిట్టుకున్నావో నాకు తెలుసు. ఈ ఉత్తరం కాస్త పొడుగు. షాపు మూసి చదువు.

ఆదివారం బావ వచ్చేసరికి ఆయన ఇంట్లోనే ఉన్నారు. గురువారం నుంచీ ఉద్యోగానికి రావద్దన్నారట. ఆ సంగతి బావకి గాని నాకు గాని తెలియదు, నాకు సెలవని చెప్పారు. ఇద్దరు మగవాళ్ళూ గంటసేపు ఎండల గురించి మాట్లాడుకున్నారు. మంచినీళ్ళ వంకతో బావ వంటగదిలోకి వచ్చి నువ్వు చెప్పమన్నది గుసగుసగా చెప్పారు. పొడి చిటికెడు గ్లాసు నీళ్ళలో వేసి చూశావనీ, మొహం పౌడరైతే కాసేపటికి తడిసి అడుక్కి దిగాలి, ఇది బెండులా పైన తేలుతూనే ఉందనీ, వేళ్ళ మధ్య నలిపితే గుల్లగా చిట్లిందనీ. ముప్పై రకాల పౌడర్లు అమ్మాను, ఇది ఏ ఆడదాని మొహానికీ నిలవదు అని చెప్పమన్నావట. చెప్పి, సర్దుకున్నావా మరి అన్నారు బావ.

కిటికీలోంచి చూశాను. ఉద్యోగం లేని మనిషి, ఫ్యాక్టరీ మొహం చూడని మనిషి, అలవాటు కొద్దీ పెరట్లో గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఎదురింటి వసారా ఖాళీ. ఆయన చూస్తున్నది నేలకేసి. ఇవాళ కాదు బావా అన్నాను.

బావ వెళ్ళాక గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టాను. పెట్టి, మీ భుజం మీద పడిన ఆ తెల్లపొడి ఏంటి అని అడిగాను. తల దించుకోకుండా అడిగాను అక్కా. నువ్వుంటే చూసేదానివి.

దీపాలు పెట్టే వేళ దాకా చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తాను.

ఆ నాలుగంతస్తుల ఇనుప పెట్టెలో గొట్టాలు, పళ్ళేలు అన్నీ ఉంటాయి. వాటికీ పెట్టె గోడకీ మధ్య ఒక తెల్లటి గుల్లపొడి నింపుతారు, బయటి వేడి లోపలికి పోకుండా. ఏదో రాయిని కాల్చి పేలాల్లా పొంగించి చేస్తారట. పెర్లైటంటారు. గొట్టాలు బాగున్నంతకాలం పెట్టె బయటి గోడ మామూలు గోడలాగే ఉంటుంది. ఫిబ్రవరి నెలాఖరున ఆయన ఆ గోడమీద ఒకచోట పళ్ళెమంత మంచు చూశారు. అంటే లోపల ఏదో గొట్టం చిట్లి చలి కారుతోందన్నమాట. ఎంత చలో చూద్దామని చెయ్యి ఆనించారు, చర్మం అంటుకుపోయింది. చలికి కాలడమంటే అదే. రోజూ మంచు అంచున సుద్దగీత గీసేవారు, ఎంత పెరుగుతోందో చూడటానికి. సుద్దముక్క ఎదురింటావిడని అడిగి తీసుకున్నదే. గోడ అతుకులోంచి పొడి రాలుతుంటే భుజం మీద పడింది.

కారేది ఆక్సిజన్. అది బట్టల్లో దూరి కూర్చుంటుందట. అలాంటి బట్టకి నిప్పురవ్వ తగిలితే కిరసనాయిలు పోసినట్టు భగ్గుమంటుంది, మనిషి విప్పుకునేలోపు అయిపోతుంది. అందుకని విప్పి, దులిపి, ఇరవై నిమిషాలు బయటి గాలికి నిలబడాలి. ఫ్యాక్టరీలోనే నిలబడొచ్చు కదండీ అన్నాను. అక్కడ నిలబడితే కారుతోందని నలుగురికీ తెలుస్తుంది, ఇంటికి పోయి నిలబడు అన్నాడట పెద్దసారు. మార్చి లెక్కలు ముగిసేదాకా ఫ్యాక్టరీ ఆగడం అతనికి ఇష్టం లేదట.

స్టవ్వు వెలుగుతోందా అని అడిగింది అందుకు. నేను లేదన్నాను. అక్కా, ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్ళి స్టవ్వు ఆరిందో లేదో చూసొచ్చి మళ్ళీ రాస్తున్నాను.

ఇరవైఒకటో తారీఖు, గురువారం పొద్దున మంచు తలుపంత అయింది. గోడ ఒకచోట ఉబ్బింది. పెద్దసారు ఫోనెత్తలేదు. మీ మరిది తనే ఫ్యాక్టరీ ఆపేశారు. ఆపడం ఒక బొత్తాం నొక్కడమే, మళ్ళీ నడపడం అలా కాదట. మొత్తం వేడెక్కనిచ్చి, పొడి బయటికి లాగి, గొట్టం అతికి, పొడి మళ్ళీ నింపి, ఆ తరవాత మూడురోజులు చల్లబరచాలి. అంత చలి ఒక్కసారిగా రాదట. పోయే గాలి తన చలువ వచ్చేదానికి ఇస్తూ, ప్రతిసారీ ఇంకాస్త, అలా చేరుతుందట.

పెట్టె విప్పితే చిట్లిన గొట్టం దొరికింది. పెద్దసారు ఏమన్నాడో తెలుసా? అంతకుముందు ఏ కారుడూ లేదు, ఈయన చెప్పకుండా చటుక్కున ఆపినందువల్లే గొట్టం చిట్లింది అన్నాడు. రోజూ డ్యూటీ సంగతులు రాసే పుస్తకంలో ఎక్కడా మంచు మాట లేదు, ఎందుకంటే రాయొద్దన్నది తనే. మంచు కరిగి కారిన నీళ్ళకి సుద్దగీతలన్నీ కొట్టుకుపోయాయి. చొక్కా నేనే ఉతికాను, శుభ్రంగా, రెండుసార్లు. ఎదురింటావిడ తన మీటరుతో రెండుసార్లు ఆక్సిజన్ కొలిచిందట, ఆ మాట చెబుతానంది. వాళ్ళిద్దరూ ఒకటి, ఆ వీధి అంతటికీ తెలుసు, ఆవిడ సాక్ష్యం చెల్లదు అన్నాడట పెద్దసారు. వీధికి ఎవరు చెప్పారు? ఓనరమ్మ. ఓనరమ్మకి ఎవరు చెప్పారు?

వచ్చే సోమవారం, ఎనిమిదో తారీఖు విచారణ. నిన్న ఆ కాయితం వచ్చింది. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఫ్యాక్టరీ పాడుచేశాడని రాస్తే ఈ పనిలో ఇంకెవరూ తీసుకోరట. ఆయన కాయితం చదివి మడిచి, ఇరవైఒకటికి ముందు ఎవరైనా ఎక్కడైనా ఒక్క ముక్క రాసి ఉంటే చాలు, బతికిపోయేవాణ్ణి అన్నారు.

నేను గరిటె వంక చూస్తూ, రాసి ఉంది అన్నాను.

ముందు నమ్మలేదు. పొడి పొట్లం కూడా ఉంది, పదో తారీఖు కాయితంలో కట్టింది, కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది, పెద్దసారు ఏప్రిల్ దాకా ఆగమన్నాడన్న మాట కూడా ఉంది అన్నాను. లేచి నిలబడ్డారు. ఎంత సంతోషమో ఆ మొహంలో. తరవాత నెమ్మదిగా, పొడి ఎందుకు పొట్లం కట్టావు అన్నారు. నేను గరిటె కడగడం మొదలుపెట్టాను. మీ అక్కకి ఎందుకు పంపావు అన్నారు. కడిగిన గరిటే మళ్ళీ కడిగాను. ఆయన తెలివైన మనిషి. మెల్లగా పెరట్లోకి వెళ్ళి తన చోట నిలబడ్డారు. గడియారం చూశాను. నలభై నిమిషాలు.

లోపలికొచ్చి, ఆ ఉత్తరాలేం వద్దులే అన్నారు. నలుగురు మగాళ్ళు బల్లచుట్టూ కూర్చుని నువ్వు మీ అక్కకి చెప్పుకున్నవి పైకి చదువుతారు, నీవల్ల కాదు, నేనింకో పని చూసుకుంటాను అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నారు. స్టవ్వు వెలుగుతోందా అని అడిగినట్టు.

అందుకని అడుగుతున్నాను అక్కా. మూడు ఉత్తరాలూ, మూడు కవర్లూ, పొట్లంలో మిగిలిన పొడీ, అన్నీ ఒక కట్టగా కట్టి రిజిస్టరు పోస్టులో వెంటనే పంపు. ఒక్క ముక్క కొట్టెయ్యకు. నేను బాగా రాయలేదని దిద్దకు. ఆయనకి ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాక చెబుతాను, అప్పుడిక వద్దనడానికి ఏమీ ఉండదు.

బావకి, పిల్లలకి ప్రేమతో,
నీ చెల్లి

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ విప్పాను. మూడో ఉత్తరంలో గురువారం నాడు వెనక గేటు దగ్గర చూశానని రాశాను కదా, భుజం మీద చెయ్యి, నవ్వు. నేను చూడలేదు అక్కా. ఆ రోజు నేను గడప దాటలేదు. కళ్ళతో చూస్తేనే బావని పంపుతానన్నావని అల్లి రాశాను. నువ్వైనా పట్టుకోవాల్సింది. పంపు అడుగు ఎంత వేడెక్కిందో కూడా రాసిన మనిషిని, నిజంగా చూసి ఉంటే ఆ సంగతి రెండు ముక్కల్లో వదిలేస్తానా? పెద్దసారుకి ఆ రెండు ముక్కలూ చాలు, ఎదురింటావిడ సాక్ష్యం చెల్లదనడానికి. కొట్టేస్తే మిగతావి కూడా దిద్దారంటారు. ఉంచితే ఆవిడ పరువు పోతుంది. అందుకని ఉన్నదున్నట్టే పంపు. సోమవారం నేనూ వెళతాను. ఆ నలుగురి ముందు నిలబడి, ఈయన నాతో ఏదీ అబద్ధం చెప్పలేదు, సెలవన్న మాట తప్ప, మా ఇంట్లో అబద్ధాలు రాసిందీ ఆడిందీ నేను, ఒకటి స్టవ్వు దగ్గర, ఒకటి ఈ కాయితం మీద, మిగతాదంతా నిజం అని నా నోటితో చెబుతాను. పొద్దున ఆయన పని వెతుక్కోవడానికి వెళ్ళినప్పటినుంచీ వంటగదిలో గోడకి చెప్పి చూస్తున్నాను. ఓనరమ్మ రేడియో ఆపేసింది. ఆపనీ. ఇంకాస్త గట్టిగా చెబుతున్నాను.